ఏది ముందైతే అది

వారంటీ పుస్తకంలో సన్నక్షరాలతో ఒక మాట అచ్చేసి వుంటుంది. ఇన్ని ఏండ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది. బండి కొనే రోజు ఆ మాట ఎవరూ చదవరు. చదివి చెప్పేవాళ్ళూ వుండరు. పూజ చేసి, నిమ్మకాయలు తొక్కించి, తాళాలు చేతికిచ్చి ఫోటో తీస్తారు. ఇంజను పట్టేసిన రోజున మాత్రం షోరూములో కౌంటరు వెనక కూర్చున్నాయన ఆ పుస్తకం తెప్పించి, ఆ మాట మీద వేలు పెట్టి చూపిస్తాడు. "నీది అయిపోయింది కదప్పా" అంటాడు.

దళిత పత్రికకు ఇంజన్లతో ఏం పని అని కొందరు అడగవచ్చు. కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల, ప్రొద్దుటూరు, మైదుకూరు, రాయచోటి - ఏ వూరి ఆటో స్టాండులోనైనా గంటసేపు నిలబడి ఎవరెవరు ఏ పేట నుంచి వచ్చారో అడిగి చూడండి. మాలగేరి, మాదిగగేరి, బోయగేరి, దూదేకుల వీధి. వీళ్ళ నాయనలు పెద్దిండ్లల్లో జీతగాళ్ళు, తాతలూ జీతగాళ్ళే. వాన పడితే కూలి, పడకపోతే సుగ్గి. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి ఇప్పటికీ ఇండ్లకు తాళాలేసి పిల్లాజెల్లతో గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీయడానికి పోతావున్నారు. రాయచోటి, లక్కిరెడ్డిపల్లె వైపు మన అక్కచెల్లెండ్లు కువైట్ పోయి పరాయి ఇండ్లల్లో పాత్రలు తోముతున్నారు. ఆ డబ్బుతోనే తమ్మునికో కొడుక్కో ఒక ఆటో, ఒక ట్రాలీ, బాడుగకు తిప్పుకునే ఒక కారు.

కాబట్టి బండి అంటే మనకు యంత్రం ఒక్కటే కాదు. ఏ వీధిలో తాత చెప్పులు చేత బట్టుకుని నడిచాడో ఆ వీధిలో మనవడు హారన్ కొట్టుకుంటూ పోతాడు. పొద్దున్నే "ఒరే, ఎడ్లు కట్టు" అని పిలిచేవాడు లేడు. ఎలక్షన్ల కాలంలో, ఫ్యాక్షన్ కాలంలో "రా, జీపెక్కు" అంటే ఎక్కాల్సిన పని లేదు. సొంత బాడుగ, సొంత టైము. ఇంజను పోయినప్పుడు ఇదంతా పోతుంది. బండి చెట్టు కింద నిలబడితే ఆ కుర్రోడు మళ్ళీ ఆ పెద్దింటి వాకిట్లోకే పోయి ట్రాక్టరు డ్రైవరుగా కుదురుకుంటాడు. మేము దీన్ని దళిత సమస్య అంటున్నది అందుకే.

ఇప్పుడు ఆ సన్నక్షరాల లెక్క చూద్దాం. కర్నూలు నుంచి కోడుమూరుకో, ప్రొద్దుటూరు నుంచి మైదుకూరుకో షేర్ ఆటో తోలేవాడు రోజుకు 150 కిలోమీటర్లు తిప్పాడనుకోండి. ఏడాదికి 54 వేలు దాటుతుంది. 'మూడేండ్లు లేదా లక్ష కిలోమీటర్లు' అని కార్డు మీద వుంటే, అతని వారంటీ రెండేండ్లు నిండకముందే ముగుస్తుంది. అదే కార్డు వున్న బండిని ఒక డాక్టరుగారు ఇంటి నుంచి ఆసుపత్రికి రోజుకు 20 కిలోమీటర్లు తిప్పితే మూడేండ్లకు 22 వేలు కూడా కావు. ఆయనకు మూడేండ్లూ పూర్తిగా దక్కుతాయి. సుఖానికి కొన్నవానికి మూడేండ్ల పూచీ, కూటికి కొన్నవానికి రెండేండ్ల లోపు పూచీ. కార్డు ఒకటే, అచ్చు ఒకటే, సంతకం ఒకటే. కాగితం మీది సమానత్వం మన దగ్గరికొచ్చేసరికి ఏమవుతుందో మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

అప్పు మాత్రం కిలోమీటర్లు చూడదు. ఫైనాన్సు కంతులు నాలుగేండ్లు, ఐదేండ్లు. వారంటీ ముగిసిన రోజు నుంచి అప్పు తీరే రోజు దాకా మధ్యలో రెండు మూడేండ్లు వుంటాయి. మన ఇంజన్లు ఆగిపోయేది ఎక్కువగా ఆ సందులోనే. నెల కంతు ఆగదు. రెండు కంతులు తప్పితే ఫైనాన్సోళ్ళు వచ్చి బండిని గుంజుకపోతారు. అప్పు వసూలుకు గూండాలను పంపే పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు 2007లోనే గట్టిగా చెప్పింది. ఆ తీర్పు ఇంకా మన స్టాండుల దాకా చేరలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదా అంటే, చేస్తున్నాయి. 2019 అక్టోబరులో వాహన మిత్ర పేరుతో సొంత ఆటో, టాక్సీ వున్నవాళ్ళకు ఏడాదికి పది వేలు ఇవ్వడం మొదలైంది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఉచిత బస్సు వచ్చాక, అదే ఏడాది అక్టోబరు 4న 'ఆటో డ్రైవర్ల సేవలో' అని పదిహేను వేలు వేశారు. (మన ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపించి బస్సెక్కి పోవడం మాకు సంతోషమే. ఆ పథకం మీద డ్రైవరన్నలను ఉసిగొల్పేవాళ్ళతో మాకు పొత్తు లేదు.) అయితే ఆ పదిహేను వేలు ఎవరి జేబులోకి పోతున్నాయి? ఇన్సూరెన్సుకు, ఎఫ్‌సీకి, మిగిలితే రిపేరుకు. లోపంతో తయారైన ఇంజను బాగు చేయించడానికి ప్రజల సొమ్ము పోతున్నదంటే, కంపెనీ పెట్టాల్సిన ఖర్చును ఖజానా పెడుతున్నట్టే లెక్క. ఈ మాట అడిగిన ఎమ్మెల్యే ఒక్కడు లేడు.

ఇంజను ఎట్లా పోతుందో డ్రైవర్లకు మేము చెప్పనవసరం లేదు. మొదట ఆయిలు తాగడం మొదలుపెడుతుంది. తర్వాత పొగ. మిట్ట ఎక్కేటప్పుడు లాగదు. ఒకనాడు టకటకమని లోపల నుంచి శబ్దం వచ్చి ఆగిపోతుంది. లాగి షోరూముకు తెస్తే మూడు మాటలు చెబుతారు. ఓవర్‌లోడు వేశావు. బయట సర్వీసు చేయించావు. కల్తీ ఆయిలు పోశావు. ఈ మూడూ అన్నిసార్లూ అబద్ధాలని మేము అనం. ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పదిమంది ఎక్కడం మనం రోజూ చూస్తున్నదే, చేస్తున్నదే. కానీ ఏ ఇంజను డ్రైవరు చేతిలో చెడిందో, ఏ ఇంజను ఫ్యాక్టరీలోనే చెడి వచ్చిందో తేల్చేది ఎవరు? పరికరాలు కంపెనీవి, కంప్యూటరు కంపెనీది, మెకానిక్కు జీతం ఇచ్చేది కంపెనీ డీలరు. నేరం మోపేవాడే న్యాయమూర్తి అయితే తీర్పు ఎట్లా వుంటుందో కారంచేడు, చుండూరు చూసినవాళ్ళం మనం.

పుట్టుకతోనే జబ్బున్న ఇంజను ఏండ్లు గడిచాక ఎట్లా బయటపడుతుందో అమెరికాలో జరిగిన ఒక వ్యవహారం చెబుతుంది. హ్యుందాయ్, కియా కంపెనీలు అక్కడ అమ్మిన తీటా-2 అనే రకం ఇంజన్లలో కొన్నింటికి, క్రాంకు షాఫ్టును కోసి తయారుచేసేటప్పుడు మిగిలిన సన్నని లోహపు పొడి లోపలి దారుల్లో వుండిపోయింది. ఆ పొడి ఆయిలు దారికి అడ్డం పడింది. ఆయిలు అందక బేరింగులు అరిగాయి. అరిగి అరిగి ఒకనాడు రోడ్డు మధ్యలో ఇంజను ఆగిపోయింది. ఇది ఒక రోజులో జరిగేది కాదు. చాలా బండ్లకు వేల మైళ్ళు తిరిగాక జరిగింది. 2015లో హ్యుందాయ్ అక్కడ నాలుగు లక్షల డెబ్బై వేల కార్లను వెనక్కి పిలిచింది. అది చాలలేదు. కంపెనీ లోపల పనిచేసే కిమ్ గ్వాంగ్‌హో అనే ఇంజనీరు 2016లో లోపలి కాగితాలను ప్రభుత్వానికి అందజేశాడు. కంపెనీ అతన్ని వుద్యోగం నుంచి తీసేసింది. అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ 2020లో రెండు కంపెనీల మీద, జరిమానాలు, ఇతర షరతుల ఖర్చులు అన్నీ కలిపి 21 కోట్ల డాలర్ల భారం వేసింది. 2021లో ఆ ఇంజనీరుకు రెండు కోట్ల నలభై లక్షల డాలర్లకు పైగా బహుమానం ఇచ్చింది. బండి యజమానులు అందరూ కలిసి వేసిన దావాల్లో కంపెనీలు దిగొచ్చి, ఆ ఇంజన్ల ముఖ్య భాగానికి బండి బతికినంత కాలం వారంటీ ఇచ్చాయి. ముందు ఇచ్చిన కార్డు మీది గడువు ఏమైంది? కలిసి అడిగితే ఆ గడువు కరిగిపోయింది.

ఆ ఇంజన్లు ఇక్కడివి కావు. మన రోడ్ల మీద తిరిగే ఏ కంపెనీ బండి మీదా మేము ఆ నింద వేయడం లేదు. కానీ ఒక సంగతి గమనించండి. అదే కియా కంపెనీ ఫ్యాక్టరీ మన సీమలోనే పెనుకొండ దగ్గర వుంది. అక్కడ ఏండ్ల తరబడి 900 దాకా ఇంజన్లు మాయమయ్యాయని 2025లో కంపెనీ ఫిర్యాదు చేస్తే పోలీసులు కేసు కట్టి దర్యాప్తు చేశారు, అరెస్టులు చేశారు. చేయాల్సిందే, దొంగతనం దొంగతనమే. కంపెనీ ఇంజను పోతే ఫిర్యాదు తీసుకునేందుకు స్టేషను వుంది. మాదిగగేరి పిల్లోని ఇంజను పోతే ఎక్కడికి పోయి చెప్పుకోవాలో బోర్డు రాసిన గది ఎక్కడా లేదు.

చేసినవాడు చేసిన వస్తువుకు జవాబుదారీ అనే ధర్మం ఈ దేశానికి కొత్తదేమీ కాదు. ఆ ధర్మాన్ని ఇన్నాళ్ళూ మోసింది మనమే. సీమలో కపిల బావుల కాలం పెద్దలకు గుర్తుండే వుంటుంది. బానకు తోలు తొండం కుట్టేది మాదిగ. ఎడ్లకు వారులు, రైతుకు చెప్పులు చేసేది మాదిగ. దానికి ప్రతిఫలం కల్లంలో మేర గింజలు. ఆ తొండం ఎన్ని నెలలకు చినిగితే అన్ని నెలలకూ మాదిగే పోయి కుట్టాలి. మడి ఎండుతోందని కబురొస్తే తింటున్న సంగటి వదిలేసి పోవాలి. ఎన్ని బానలు తోడారు, తొండాన్ని రాళ్ళ మీద ఈడ్చారా, ఎండలో పడేశారా అని అడిగే హక్కు ఆ కుట్టినవానికి లేదు. 'ఏది ముందైతే అది' అని అతడు చెప్పలేదు. చెప్పివుంటే ఏం జరిగేదో చెప్పనక్కరలేదు. కుట్టే చేయి మనదైనంత కాలం పూచీకి గడువు లేదు. కొనే చేయి మనదైన రోజునే పూచీకి గడువు పుట్టింది. ఇందులో కులం లేదనేవాళ్ళు మాకు రాసి పంపితే అచ్చేస్తాం.

"కార్డు మీద సంతకం పెట్టావు గదా, ఒప్పుకున్నట్టే గదా" అంటారు. ఒప్పందం సమానుల మధ్య జరిగితే ఒప్పందం. బాబాసాహెబ్ అంబేద్కర్ 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు' రాసినప్పుడు ఎత్తిచూపింది ఇదే. రాజ్యం పక్కకు తప్పుకుంటే బలహీనునికి మిగిలేది స్వేచ్ఛ కాదని, ప్రైవేటు యజమాని పెత్తనం అని ఆయన వాదన. కార్డులో ఒక్క అక్షరం మార్చమని అడిగి మార్పించుకున్న ఆటో డ్రైవరు ఈ రెండు జిల్లాల్లో ఎక్కడైనా వున్నాడా?

చట్టం ఏం చెబుతుందో చూద్దాం. ఇది కొంచెం ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే మనల్ని భయపెట్టేదీ, మనకు పనికొచ్చేదీ ఒకే చట్టంలో వున్నాయి.

2019లో చేసిన వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో వుంది. వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాడని అందులో వుంది. కంపెనీ వకీలు మొదట లేవదీసేది ఇదే - "వీడు బాడుగకు తిప్పాడు, ఇది వ్యాపారం." కానీ సొంత కష్టంతో బతకడానికి, తన పొట్ట నింపుకోవడానికి మాత్రమే కొన్న వస్తువు వ్యాపారం కిందికి రాదని అదే సెక్షను కింద వివరణ వుంది. పాత 1986 చట్టం కింద 1995లోనే లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. తానే తోలుకుని బతకడానికి ఆటో కొన్నవాడు వినియోగదారుడే అన్నది. తోడుగా ఒకరిద్దరి సాయం తీసుకున్నా ఆ హక్కు పోదన్నది. ముప్పై ఏండ్లు దాటింది. ఈ ఒక్క మాట తెలియక షోరూము మెట్లు దిగి వెనక్కి వచ్చిన డ్రైవర్లు ఎంతమందో.

రెండోది, లోపం అంటే ఏమిటో చట్టం చెప్పిన చోట వారంటీ గడువు ప్రస్తావనే లేదు. చట్టం ప్రకారం గానీ ఒప్పందం ప్రకారం గానీ వుండాల్సిన నాణ్యతలో ఏ కొరత వున్నా అది లోపమే. ఆ ఒప్పందం నోటితో చెప్పింది కావచ్చు, చెప్పకుండానే అర్థమయ్యేది కావచ్చు అని కూడా వుంది. నాలుగేండ్ల కంతుల మీద అమ్మిన బండి కనీసం నాలుగేండ్లు నడుస్తుందన్నది చెప్పకుండానే అర్థమయ్యే ఒప్పందం కాదా? ఇది మన వాదన. కమిషను ముందు పెట్టాల్సిన వాదన. సులభంగా గెలుస్తామని మేము ఆశ పెట్టడం లేదు. 2006లో మారుతి కేసులో సుప్రీంకోర్టు కంపెనీ బాధ్యతను వారంటీ షరతుల దాకానే కుదించి, చెడ్డ భాగం మారిస్తే చాలు, బండి మొత్తం మార్చనక్కరలేదన్నది. ఎదుటివాళ్ళు ఆ తీర్పును తప్పకుండా తెస్తారు. దానికి జవాబు మన దగ్గర సిద్ధంగా వుండాలి: మేము కొత్త బండి అడగడం లేదు, పుట్టుకతో చెడ్డ ఇంజనుకు జవాబు అడుగుతున్నాం.

మూడోది చాలామందిని మోసగించే సంగతి. 2019 చట్టంలో తయారీదారు బాధ్యత అని కొత్తగా ఒక అధ్యాయం పెట్టారు. అప్పట్లో పేపర్లన్నీ గొప్పగా రాశాయి. కానీ ఆ అధ్యాయానికి సంబంధించి 'హాని' అనే మాటకు ఇచ్చిన అర్థం చూడండి. ఆ వస్తువుకే జరిగిన నష్టం హాని కాదట. సంపాదన నష్టం కూడా హాని కాదట. అంటే ఇంజను పేలి డ్రైవరు చేయి విరిగితే ఆ అధ్యాయం పనికొస్తుంది. ఇంజను చచ్చి, నెల రోజులు పస్తులుంటే పనికిరాదు. మన చేయి విరిగితే తప్ప మనకు నష్టం జరిగినట్టు లెక్కలోకి రాకుండా రాశారు. అందుకని వకీలు దగ్గరకు పోయేవాళ్ళు ఆ అధ్యాయం ఒక్కటే పట్టుకుని కేసు వేయొద్దు. వస్తువులో లోపం అనే పాత దారినే పట్టుకోవాలి.

బండ్లను వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణ కూడా ఇట్లాంటిదే. 2019లో చేశారు, 2021 ఏప్రిల్ నుంచి అమలైంది. రోడ్డు మీది మనుషులకో పర్యావరణానికో ప్రమాదం వుంటేనే అది కదులుతుంది. అయితే గువ్వలచెరువు ఘాటులో మలుపు తిరిగేటప్పుడు జనంతో నిండిన బండి ఇంజను ఉన్నట్టుండి పట్టేస్తే అది ప్రమాదం కాక మరేమిటి? అమెరికాలో ఆ కార్లను వెనక్కి పిలిపించిందీ ఈ కారణం మీదనే. ఒకే మోడలు బండ్ల మీద తగినన్ని ఫిర్యాదులు పోతేనే ప్రభుత్వం కదలాలని ఆ నిబంధనల్లో వుంది. మనవాళ్ళు ఫిర్యాదు ఇవ్వరు. మెకానిక్కుకు అప్పు పెట్టి బాగు చేయించుకుంటారు. దాంతో ఢిల్లీ లెక్కల్లో మన ఇంజన్లన్నీ బాగున్నట్టే.

ఇక మన కర్నూలు సంగతి. జాతీయ విత్తన సంస్థ అమ్మిన విత్తనాలు చెడ్డవై పంట పోయిందని ఉమ్మడి రాష్ట్రంలో రైతులు వినియోగదారుల ఫోరాలకు పోయారు. కర్నూలు జిల్లా ఫోరం, దాంతోపాటు మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ ఫోరాలు రైతుల పక్షాన తీర్పులిచ్చాయి. సంస్థ సుప్రీంకోర్టు దాకా పోయింది. రైతు వ్యాపారి అన్నది, మీరు విత్తనాన్ని ల్యాబుకు పంపలేదు కాబట్టి రుజువు లేదన్నది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఈ వాదనలను కొట్టేసింది. కొన్న విత్తనమంతా భూమిలో చల్లిన రైతు ల్యాబు కోసం గుప్పెడు దాచిపెడతాడని ఎట్లా అనుకుంటారు, శాంపిలు మీ దగ్గరే వుంటుంది గదా, పరీక్ష కావాలంటే మీరే అడగాల్సింది అన్నది దాని సారం.

ఈ తీర్పు విత్తనాలకే పరిమితం అని మేము అనుకోవడం లేదు. ఇంజను విప్పితే రుజువు కూడా విత్తనం లాగానే మాయమవుతుంది. పాత బేరింగులు, పిస్టను, రింగులు ఇనప సామాన్ల కొట్టుకు పోతాయి. కానీ ఇంజను నెంబరు ప్రకారం ఆ బ్యాచిలో ఎన్ని ఇంజన్లు అమ్మారో, ఎన్ని వెనక్కి వచ్చాయో, ఏ భాగాలు మార్చారో కంపెనీ కంప్యూటర్లో వుంటుంది. శాంపిలు వాళ్ళ దగ్గర వుంది. దాన్ని కమిషను ముందు పెట్టమని అడగాలి. కర్నూలు రైతులు వేసిన బాటలో కర్నూలు డ్రైవర్లు నడవడానికి అడ్డేమిటి?

జిల్లా కమిషనుకు పోవడానికి పుణె, చెన్నై తిరగాల్సిన పని లేదు. కొత్త చట్టం ప్రకారం మనం కాపురమున్న చోటే కేసు వేయొచ్చు. అయిదు లక్షల లోపు బండికి ఫీజు లేదు. వకీలు లేకుండా సొంతంగా మాట్లాడుకోవచ్చు. ఒకే నష్టం చాలామందికి జరిగితే, కమిషను అనుమతితో ఒకరిద్దరు అందరి తరఫునా వేయొచ్చు. గడువు రెండేండ్లు. ఆ రెండేండ్లను కొన్న రోజు నుంచి లెక్కించాలని కంపెనీ అంటుంది, లోపం బయటపడిన రోజు నుంచి అని మనం అనాలి. ఆలస్యం చేస్తే మాత్రం ఆ వాదన కూడా పలచబడుతుంది.

మనలో మనం మాట్లాడుకోవాల్సిన ఒక చేదు మాట వుంది. కార్పొరేషను లోను మన పేరు మీద, బండి మాత్రం ఊరి పెద్దాయనది. ఇట్లాంటివి మన జిల్లాల్లో లేవని ఎవరూ అనలేరు. సంతకానికి పది వేలో ఇరవై వేలో చేతిలో పెడతారు. ఆ బండికి రేపు ఇంజను పోతే సొంతంగా బతకడానికి కొన్నాం అని కమిషను ముందు నిలబడి చెప్పే నోరు మనకుండదు. కిస్తీ కట్టకపోతే బ్యాంకు నోటీసు మాత్రం మన ఇంటికే వస్తుంది. పేరు అమ్ముకుంటే హక్కు కూడా అమ్ముకున్నట్టే.

ఎస్సీ కార్పొరేషనుకు మా డిమాండ్లు చెబుతున్నాం. 1974లో పెట్టిన సంస్థ ఇది. వేల బండ్లు దీని చేతుల మీదుగా పోయాయి. 2014-19 మధ్య తెలుగుదేశం ప్రభుత్వం ఇన్నోవా కార్లు కూడా దీని ద్వారానే ఇచ్చింది. ఒక్కో మాదిగ కుర్రోడు ఒంటరిగా పోతే కార్డులో అక్షరం మార్చరు. ఇన్ని బండ్లు ఒకేసారి కొనిపించే ప్రభుత్వ సంస్థ అడిగితే ఎందుకు మార్చరు? లోను ఎన్నేండ్లో ఇంజను వారంటీ అన్నేండ్లు, బాడుగ బండికి కిలోమీటర్ల గీత లేకుండా - ఈ షరతు రాయని కంపెనీని కార్పొరేషను జాబితాలో పెట్టకూడదు. వారంటీ కాగితం తెలుగులో వుండాలి. ఇంజను పోయిన బండిని ప్రభుత్వ పాలిటెక్నిక్ లెక్చరర్లతో పరీక్ష చేయించి రిపోర్టు ఇప్పించాలి, ఖర్చు కార్పొరేషనే భరించాలి. ఆ రిపోర్టు వచ్చేదాకా బ్యాంకు కిస్తీ నిలపాలి. ఇవి ఆకాశంలో చుక్కలు కావు. కలెక్టరు, కార్పొరేషను ఈడీ, లీడ్ బ్యాంకు మేనేజరు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే అయ్యే పనులే ఎక్కువ.

స్టాండుల్లోని అన్నలు, తమ్ముళ్ళు వెంటనే చేయాల్సింది ఒకటుంది. ఇంజను విప్పనిచ్చే ముందు జాబ్ కార్డు రాయించుకోండి. అందులో మీటరు రీడింగు, మీరు చెప్పిన కంప్లైంటు, తేదీ వుండాలి. విప్పేటప్పుడు సెల్లులో వీడియో తీయండి. తీసేసిన పాత సామాన్లు షోరూములో వదిలి రావొద్దు, గోనెసంచిలో కట్టి ఇంటికి తెచ్చుకోండి. బిల్లులు, ఆయిలు కొన్న రసీదులు పారేయొద్దు. ఏ మోడలు, ఎప్పుడు కొన్నారు, ఎన్ని కిలోమీటర్లకు ఇంజను పోయింది, లోను ఎన్నేండ్లు, ఇంకా ఎన్ని కంతులున్నాయి - ఇవి ఒక కాగితం మీద రాసి, ఆర్‌సీ, జాబ్ కార్డు జిరాక్సులు జతచేసి మీ స్టాండులో చదువుకున్న ఒకరి దగ్గర వుంచండి. ఒకే మోడలువి పది కాగితాలు పోగైన స్టాండు మాకు కబురు చేస్తే, కర్నూలుకైనా కడపకైనా మేము వకీలును వెంటబెట్టుకుని వస్తాం.